ఖాళీగా వదిలిన ఊపిరి

జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర, మందుల దుకాణం పైఅంతస్తులో జితేందర్ ఆఫీసు ఉంది. బోర్డు మీద ప్రైవేట్ డిటెక్టివ్ అని రాసి ఉన్నా, అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లికొడుకుల ఆరా కోసం వచ్చేవాళ్లే. దుబాయిలో సూపర్‌వైజర్‌నని చెప్పుకునేవాడు నిజంగా ఏం చేస్తున్నాడో, అక్కడ ఇంకో సంసారం ఉందో లేదో కనుక్కోవాలి. అందుకే ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన యువతిని చూసి, ఇదీ అలాంటి పనే అనుకుంది జితేందర్ దగ్గర పనిచేసే వనిత.

ఆమె కొంగును ముఖం మీదికి లాక్కుని ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "తలుపు పెడ్తరా సార్?" అని అడిగింది.

వనిత లేచి తలుపు వేసింది. అప్పుడు గాని ఆమె కొంగు తీయలేదు.

"నా పేరు సరిత. మాది సిరిసిల్ల. మా ఆయన జీవన్ మస్కట్ల ఉంటడు. నేను ఊపిరితిత్తుల సర్వేల పనిచేసిన సార్."

ఆ సర్వే గురించి జితేందర్ విన్నాడు. కోరుట్లలో ఆఫీసున్న ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని నడిపింది. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లతో ఒక చిన్న మిషన్‌లోకి గట్టిగా ఊదించి, వాళ్ల ఊపిరి ఆ వయసుకు ఉండాల్సినదానిలో నూటికి ఎంత ఉందో కొలిచారు. ఎనభై, అంతకు మించితే బాగున్నట్టు. తగ్గితే దూది దుమ్ముకు దూరంగా వేరే పని ఇప్పించి, మందులు ఇవ్వాలని సంస్థకూ కార్ఖానాల యజమానులకూ ఒప్పందం.

"మా వాడకట్టుల ఆనందం మామ ఊదలేకపోయిండు సార్," అంది సరిత. "మళ్ల మళ్ల ఊదిచ్చిన. దగ్గు తెర అచ్చి ఆగిపోయిండు. ట్యాబ్‌ల ఊదలేనోళ్ల గడి ఖాళీ వదిలిపెట్టున్రి, ఆఫీసోళ్లు మళ్ల పిలుస్తరని మాకు చెప్పిన్రు. నేను ఖాళీ వదిలిపెట్టిన. రిపోర్టుల మాత్రం ఆయన ఊపిరి మంచిగున్నదని అచ్చింది. గా రిపోర్టు చూసి కార్ఖానా నర్సింగం సేటు ఆయన్ను మళ్ల సాంచా కాడనే నిలవెట్టిండు. పోయిన నెల పని మీదనే పడిపోయిండు. ఇప్పుడు కరీంనగర్ దవాఖానల ఆక్సిజన్ మీద ఉన్నడు."

"నిన్నేమంటున్నరు?"

"ఊదియ్యకుండనే అంకె రాసినన్నరు. సర్వే రోజులల్ల నర్సింగం సేటు ఇంట్ల అన్నం తిన్న, గందుకే ఆయన చెప్పినట్టు రాసినన్నరు. ఆఫీసుల మేడం కంప్యూటర్‌ల చూపిచ్చింది. ఆనందం మామ పేరు పక్కపొంటి తొంబై రెండు ఉన్నది. నా కండ్లతోటి చూసిన. గా అంకె నేను వెయ్యలే సార్."

"నువ్వు వెయ్యలేదంటున్నవ్ గద. మరి ఎందుకమ్మా గింత సిగ్గు?"

సరిత తల దించుకుంది. "వేసినట్టే చూస్తున్రు గద సార్. మస్కట్ నుంచి ఫోనస్తే ఎత్తుతలేను. ఏమని చెప్పాలె?"

జితేందర్ కేసు తీసుకుంటున్నానని చెప్పి, ఆమెను కిందికి దించి ఆటో ఎక్కించి రమ్మని వనితకు సైగ చేశాడు.

---

మర్నాడు ఇద్దరూ కోరుట్ల వెళ్లారు. సంస్థ డైరెక్టర్ సుమిత్ర అని తెలిసినప్పటి నుంచి వనితకు హుషారుగా ఉంది. జగిత్యాల కాలేజీలో తనకు గణాంక శాస్త్రం చెప్పిన మేడమే ఆమె. వనిత ఎమ్మెస్సీ దాకా చదివిందంటే ఆమె చలవే.

సుమిత్ర వనితను చూడగానే లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. టీ తెప్పించింది. ఆనందం మాట వచ్చేసరికి ఆమె ముఖం చిన్నబోయింది.

"సరిత మంచి పిల్లనే అనుకున్న. గిట్ల చేస్తదనుకోలే," అంది జితేందర్‌తో. "ఫైలు ఇస్త, మీరే చూడండి. వనితకు చూడొస్తది."

"ఊపిరి మంచిగున్నదని రాసేది మనిషా, కంప్యూటరా మేడం?" అని అడిగాడు జితేందర్.

"కంప్యూటరే. ఎవరి అంకె ఎనభై గానీ అంతకంటె ఎక్కువ గానీ ఉంటే, పక్కన కొత్త నిలువు వరుసల వాళ్ల పేరు కాడ 'బాగుంది' అని రావాలె. లేకపోతే 'బాగాలేదు' అని రావాలె. ఆ షరతు నేనే రాసిన. కానీ అంకె తప్పు ఇస్తే అదేం చేస్తది?"

"సరిత దగ్గరున్న ట్యాబ్‌ల అసలు అంకె ఉంటదా?"

"వేరే సర్వే కోసం అన్ని ట్యాబ్‌లల్ల ఉన్నదంత తుడిపిచ్చినం."

"ఫైలు తెరిచేటోళ్లు ఎవరెవరు?"

"నేను, రంజిత్. లెక్కలన్ని అతనే చూస్తుండె. పాపం, మోటర్‌సైకిల్ మీంచి పడి కాలు విరిగింది. ఆనందం పడిపోక ముందటి నుంచే మల్యాలల ఇంటికాడ ఉన్నడు."

సుమిత్ర ఇచ్చిన ఫైలును ఆ మధ్యాహ్నమే జగిత్యాలలో తెరిచింది వనిత. జితేందర్ ఆమె పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. ఆయనకు కంప్యూటర్ అంతంత మాత్రమే గాని, తెలియనిది అడగడానికి మొహమాటం లేదు.

"ఈ మొదటి వరుస మిషన్ ఇచ్చిన అంకె సార్. రెండోది మేడం షరతుతోటి పుట్టిన వరుస, బాగుందా బాగాలేదా అని. మూడోది ఇంకోటి ఉన్నది. బాగు, మధ్యస్థం, తీవ్రం అని మూడు తరగతులు. రంజిత్ చేసినట్టుంది."

"అంకె మారిస్తే పక్క వరుసలు వాటంతట అవే మారుతయా?"

"ఎక్సెల్‌ల సూత్రం పెడితే మారుతయి సార్. ఇది సర్వే లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్. దీంట్ల షరతు నడిపిచ్చినప్పుడు ఏది పుడితే గదే ఉంటది. మళ్ల నడిపిస్తే తప్ప మారదు."

జితేందర్ తల ఊపాడు. వనిత సరిత సర్వే చేసిన పేర్లన్నీ విడిగా తీసింది. ఆనందం లాంటివాళ్లు ఇంకొందరు కనిపించారు. అందరూ ముసలివాళ్లు, సాంచాల మీద ఏళ్లకేళ్లు గడిపినవాళ్లు. అందరి అంకెలూ తొంభైకి కొంచెం అటూ ఇటూ. ఆమె ఆ అంకెల మీద వేలు పెట్టింది.

"ఇవి మిషన్ అంకెలు కావు సార్. మిషన్ ఇచ్చినయ్ చెదిరినట్టుంటయి. ఇవి ఒక్కకాడనే కుప్ప పోసినట్టున్నయి. మనిషి కూసోని కల్పిచ్చినయి."

"ఆ మూడో వరుసల వీళ్లకు ఏమున్నది?"

"ఏం లేదు సార్, ఖాళీ. రంజిత్ సగం చేసి విడిచిపెట్టినట్టుండు," అంటూ వనిత తెర కిందికి జరిపేసింది. కల్పించిన అంకెలను పట్టుకున్న గర్వంలో ఆమెకు ఇంకేదీ కంటికి ఆనలేదు.

---

తర్వాతి రోజు సిరిసిల్లలో మొదట నర్సింగాన్ని కలిశారు. ఆయన కార్ఖానా బయట నిలబడి, సాంచాల చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడాడు.

"సర్వే పిల్లలందరికి మా ఇంట్లనే అన్నం పెట్టిన సార్. ఒక్క సరితకే కాదు. రిపోర్టు మంచిగచ్చింది, నేను మళ్ల అడగలే. ఆనందం దగ్గుతుంటే ఇనవడకనా? ఇనవడ్డది. కాయిదం మీద బాగున్నదని ఉన్నది గదా అనుకున్న." ఆ మాట అన్నాక ఆయన వాళ్ల వైపు చూడలేదు.

అక్కడి నుంచి ఆనందం ఇంటికి వెళ్లారు. ఆయన భార్య కళావతి దవాఖాన నుంచి బట్టలకోసం వచ్చి ఉంది. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమిగూడారు. సరిత కూడా వచ్చి గోడ వారగా నిలబడింది.

"మా ఇంటాయన గతి గిట్లెందుకైందో మీకన్న ఎరికైందా?" అని కళావతి వనిత చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎముకలా గట్టిగా ఉంది.

వనిత ఆగలేకపోయింది. "ఆయన ఊపిరి అంకె కల్పిచ్చి రాసిందమ్మా. ఒక్క ఆయనదే కాదు. సరిత తిరిగిన ఇండ్లల్ల ఇంకొందరు ముసలోళ్లవి గట్లనే ఉన్నయి. నేను ఫైలు చూసిన. ఇగ దాంట్ల అనుమానం లేదు."

జితేందర్ "వనితా" అన్నాడు. కానీ మాట అప్పటికే దాటిపోయింది.

కళావతి సరిత వైపు తిరిగింది. తిట్టలేదు. "మా ఇంట్ల చాయ తాగి పోయినవ్ గదనే," అంది. సరిత కొంగు ముఖం మీదికి లాక్కుని వెళ్లిపోయింది. వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో ఉమ్మేశారు.

బస్టాండుకు నడుస్తూ జితేందర్ మెల్లగా అడిగాడు. "అంకెలు మనిషి కల్పిచ్చినయని నీకు తెల్సింది. ఆ మనిషి సరితనే అని ఏ అంకె చెప్పింది?"

వనిత ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఫైలు ఇచ్చింది మేడం. మేడం చెప్పిన పేరునే తను వాకిట్లో పదిమందిలో చదివి వచ్చింది. ఆ సంగతి అర్థమయ్యేసరికి వెనక్కి తిరిగి వాడ వైపు చూసింది.

తెల్లారి సరిత దగ్గర నుంచి జితేందర్‌కు ఫోన్ వచ్చింది. ఎవరో గడప మీద పేడ కొట్టిపోయారట, అత్త దాన్ని కడుగుతూ ఏడుస్తోందట. ఆయన స్పీకర్ పెట్టకపోయినా వనితకు ప్రతి మాటా వినిపించింది.

---

ఆ రోజే మల్యాల వెళ్లారు. రంజిత్ మంచం మీద, కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. సరిత పేరు వినగానే లేచి కూర్చోబోయాడు.

"సరితక్క గట్ల చేసే మనిషి కాదు సార్."

"ఆ మూడు తరగతుల వరుస నువ్వే చేసినవా?"

"నేనే. వార్షిక రిపోర్టుల బొమ్మ వెయ్యాలంటే కావాలె. ఆఫీసుల నా ఆఖరి పని గదే. అది చేసి, లాప్‌టాప్ మేడంకు ఇచ్చి, బండి మీద ఇంటికస్తుంటేనే పడ్డ. మేడం ఆ వరుస చూసినట్టు లేదు, బొమ్మ అడగనే లేదు."

"సగంల విడిచిపెట్టినవా?"

"లేదు సార్, పూర్తి చేసిన." రంజిత్ నొచ్చుకున్నాడు. "యాభైకి తక్కువుంటే తీవ్రం. యాభై నుంచి ఎనభై లోపల మధ్యస్థం. గట్టి ఊపిరోళ్లకు నూరు దాటుతది, గందుకే ఎనభై నుంచి నూట యాభై దాకా బాగు. అంకె ఉన్నోళ్లందరికి ఏదో ఒకటి రావాలె."

జితేందర్ వనిత వైపు చూశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, "చెప్పు," అన్నాడు.

వనిత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "తొంబై రెండు అప్పుడు అక్కడుంటే, మూడో వరుసల 'బాగు' అని పడాలె సార్. పడలేదు. అంటే రంజిత్ ఆ వరుస చేసిన రోజు ఆనందం గడి ఖాళీనే. నేను చూసిన. చూసి కిందికి జరిపేసిన."

"మరి మేడం వరుసల 'బాగుంది' అని ఎట్లచ్చింది?"

జవాబు ఆమెకు అప్పటికే తెలుసు. డిగ్రీ రెండో ఏడాదిలో నేర్చుకున్నదే. చెబుతుంటే బస్సులో అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది.

---

ఆదివారం సిరిసిల్లలో నేత కార్మికుల సంఘం హాలులో అందరినీ కూర్చోబెట్టాడు జితేందర్. కళావతి, ఆమె వాడకట్టువాళ్లు, నర్సింగం, చంకల కింద కర్రలతో రంజిత్. సుమిత్ర ముందు వరుసలో కూర్చుంది. సరిత తలుపు దగ్గరే నిలబడింది. వనిత లాప్‌టాప్‌ను గోడ మీద పెద్ద తెరకు కలిపింది.

"ముందుగాల ఒక సంగతి చూపిస్తం," అన్నాడు జితేందర్. "వనితా, నా పేరు పెట్టు. అంకె ఏం వెయ్యకు. మేడం రాసిన షరతు నడిపియ్యి."

వనిత నడిపించింది. జితేందర్ పేరు పక్కన ఖాళీ గడి, దాని పక్కన 'బాగుంది'.

హాలులో గుసగుసలు లేచాయి.

"నేను మిషన్ల ఊదనే లేదు. అయినా నా ఊపిరి బాగున్నదంటున్నది," అన్నాడు జితేందర్. "ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్ ఖాళీ గడిని అన్ని అంకెల కంటె పెద్దదనుకుంటది. ఎనభై కంటె ఎక్కువున్నోళ్లను తీసుకోమంటే ఖాళీ ఉన్నోళ్లను గూడ తీసుకుంటది. ఖాళీలను పక్కకు పెట్టమని విడిగ చెప్పాలె. షరతుల గా మాట లేదు. గట్ల, ఊపిరి తీసి ఊదలేని మనుషులే బాగున్నోళ్ల జాబితాలకు ఎక్కిన్రు. ఇక్కడి దాంక ఇది పొరపాటే. పొరపాటు ఎవలకైన అయితది."

ఆయన రంజిత్ వైపు తిరిగాడు. "రంజిత్ తన వరుస చేసిననాడు ఈ గడులు ఖాళీనే. ఆయన షరతుకు పైన నూట యాభై అని హద్దున్నది. ఖాళీ ఆ హద్దు దాటిపోతది గనుక, ఏ తరగతిల పడలేదు. ఇయ్యాల అవే గడులల్ల తొంబై రెండు, తొంబై నాలుగు ఉన్నయి. మూడో వరుస మాత్రం ఇంక ఖాళీనే చూపిస్తున్నది. అంటే అంకెలు ఆ తర్వాత పడ్డయి. సరిత ట్యాబ్ అంతకు ముందే తిరిగిచ్చింది. రంజిత్ ఆ సాయంత్రం నుంచే మంచంల ఉన్నడు. లాప్‌టాప్ ఒక్కరి దగ్గరనే ఉన్నది."

అందరి చూపులూ సుమిత్ర మీదికి వెళ్లాయి. ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆనందం పడిపోయిండని తెల్సిన రోజు ఫైలు తెరిచిన," అంది. గొంతు క్లాసులో వినిపించే గొంతులాగే నిలకడగా మొదలైంది. "చూడంగనే అర్థమైంది. ఖాళీ గడి సంగతి ముందు చూసుకోండ్రి అని ఏటేట పిల్లలకు చెప్పిన దాన్ని. నేనే మర్చిపోయిన. ఆ మాట నోటితోటి ఎట్ల చెప్పాలె? నా దగ్గర చదువుకున్నోళ్లు ఏమనుకుంటరు? నా మొఖం ఎట్ల చూపియ్యాలె? అంకె వేస్తే అయిపోతదనుకున్న." ఆమె తలుపు దగ్గరున్న సరిత వైపు తిరిగింది. "సరిత పేరు గింత దూరం పోతదనుకోలే."

"సరిత సంగతి తర్వాత, మేడం," అన్నాడు జితేందర్. ఆయన గొంతులో అంత కఠినం వనిత ఎప్పుడూ వినలేదు. "ఆనందం ఒక్కడే కాదు. ఇంకా అట్లాంటోళ్లు ఉన్నరని ఆ రోజే మీకు తెల్సు. ఈ నెల రోజులు వాళ్లంత సాంచాల కాడనే దుమ్ము పీలుస్తున్నరు. అంకె వేసినప్పుడు ఆ సంగతి గుర్తుకు రాలేదా?"

సుమిత్ర రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందులోంచి మాటలు సరిగా వినిపించలేదు. గుర్తుకు వచ్చింది అన్నట్టే వనితకు అనిపించింది.

నర్సింగం లేచాడు. ఊదలేని వాళ్లందరినీ రేపటి నుంచి సాంచాల దగ్గరికి రానివ్వననీ, కూలి ఆపననీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. సుమిత్ర జరిగినదంతా తన చేతితో రాసి సంతకం పెట్టింది. దాన్ని సంస్థ పెద్దలకు పంపే బాధ్యత జితేందర్ తీసుకున్నాడు. బయటికి వెళ్తూ సుమిత్ర వనిత ముందు ఒక్క క్షణం ఆగింది. వనిత లేచి నిలబడింది, అలవాటు కొద్దీ. సుమిత్ర తల దించుకుని వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అవుతుండగా వనిత సరిత దగ్గరికి వెళ్లింది.

"నన్ను క్షమించు సరితా. అడగకుండ, చూడకుండ అనేసిన."

"నాకు చెప్తే ఏమొస్తది?" అంది సరిత. కోపంగా కాదు, అలసిపోయినట్టుగా. "నేను చెయ్యలేదని నాకెరికే గద. ఎక్కడన్నవో గక్కడ చెప్పు."

వనిత జితేందర్ వైపు చూసింది. ఆయన లాప్‌టాప్ తీగలు చుడుతూ, "పొయ్యిరా. నేనీడనే ఉంట," అన్నాడు.

హాలుకు రానివాళ్లు వాడలో ఇంకా చాలామంది ఉన్నారు. కళావతి వాకిట్లో వనిత మొన్న నిలబడిన చోటే నిలబడింది. పక్క సందులో సాంచాలు ఆడుతున్నాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే గడప దాటి వచ్చారు. సరిత ఈసారి గోడ వారకు పోలేదు, కొంగు కప్పుకోలేదు, వనిత పక్కనే నిలబడింది.

"సరిత ఏ తప్పు చెయ్యలేదు," అంది వనిత. "తెల్వకుండ నేనే తప్పు చెప్పిన."

"ఏందంటున్నవ్ బిడ్డా, ఇనవడ్తలే," అంది ఒక ముసలామె, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

వనిత గొంతు పెంచి మళ్లీ చెప్పింది. వెనక ఉన్న ఇంకొకామె, ఏమంటోందని పక్కామెను అడిగింది. వనిత మూడోసారి, సాంచాల చప్పుడు మీదుగా, అరిచినట్టుగా చెప్పింది. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోయి మానుకుంది.

కళావతి సరిత తల మీద చెయ్యి వేసి నిమిరింది.

సరిత వనిత మోచెయ్యి పట్టుకుంది.

"అవతలి వాడల గూడ ఊదలేనోళ్లున్నరు," అంది. "నడు. ఆళ్లను గూడ మళ్ల పరీక్షకు రమ్మని చెప్పాలె. నేను ఇండ్లు చూపిస్త, నువ్వే చెప్పు."